పరగడుపున కత్తిరించిన కోటు

చక్కెర నీళ్ళు గడ్డం మీదుగా కారి, మెడలో వేలాడుతున్న టేపును తడిపాయి.

"మింగండి. ముందు మింగండి!"

భార్య గొంతు గోడ అవతల నుంచి వస్తున్నట్టుంది. కత్తెరాయన మింగాడు. తియ్యగా ఉంది. పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లో తనకు అందకుండా పై అరలో దాచిన తీపిని ఇప్పుడు ఆవిడే గ్లాసుతో పట్టిస్తోంది. అయితే ఇది కలే. కలలో తొందరేముంది? ఇంకో గుక్క తాగాడు.

తను నేల మీద కూర్చుని ఉన్నాడు. వీపు కటింగు బల్ల కాలికి ఆని ఉంది. ఎప్పుడు కూలబడ్డాడో గుర్తు లేదు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. బల్ల అంచు మీంచి ద్రాక్షపండు రంగు ఉన్ని బట్ట కొస ఒకటి కిందికి జారి, కిటికీ వెలుగులో మెల్లగా ఊగుతోంది. నీళ్ళ అడుగున నాచు ఊగినట్టు.

"అమ్మా, ఒక్కసారే పొయ్యకు. మింగాడో లేదో చూసి ఇంకో గుక్క పట్టు."

అది కూతురు. మందుల షాపులో పనికి బయలుదేరి, తల్లి కేక విని వీధి మధ్యలోంచి వెనక్కి పరుగెత్తుకొచ్చింది. చెప్పులు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. బట్ట పరిచిన గదిలో చెప్పులా అని అడగాలనుకున్నాడు. నాలుక కదల్లేదు.

కూతురు అతని చెయ్యి అందుకుని వేళ్ళు ఒక్కొక్కటే తడిమింది. "ఈ వేళ్ళు పనికిరావు. ముప్పయ్యేళ్ళు సూదులు తిని రాళ్ళయిపోయాయి." చిటికెన వేలి పక్కన గుచ్చి, రక్తపు చుక్కను షుగరు మీటరుకు తాకించింది.

"నలభై ఆరు."

"నలభై ఆరంటే?" భార్య అడిగింది.

"అంటే ఇంకాస్త ఆలస్యమైతే నాన్న మనం పట్టిస్తే తాగే స్థితిలో ఉండేవాడు కాదు. పట్టు, పట్టు."

అప్పుడు కత్తెరాయనకు మాట పెగిలింది.

"వాడేడీ?"

"ఎవరండీ?"

"ఇక్కడే నుంచున్నాడు కదా. చేతులు కిందికి వదలరా అంటే వదలడు. బిగదీసుకుని నుంచుంటే భుజం కొలత ఎలా వస్తుంది?"

తల్లీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎవరు నాన్నా?"

"చిన్నోడు."

భార్య చేతిలో గ్లాసు ఒక్క క్షణం గాల్లోనే ఆగిపోయింది. తర్వాత మళ్ళీ పెదవులకు ఆనింది.

చిన్నోడు కత్తెరాయన తమ్ముడు. ఈ గుమ్మం తొక్కి ఏడేళ్ళయింది. అన్న కత్తిరిస్తే తమ్ముడు కుట్టేవాడు. రెండు వీధుల అవతల రెడీమేడ్ బట్టల షాపు పెడతానన్న రోజున, "పెట్టెలో మడిచిపెట్టి అమ్మే చొక్కాలకి కొలతెందుకు, మనిషెందుకు? పో" అన్నాడు అన్న. పో అన్నాడని పోయాడు. ఆ తర్వాత ఆ షాపు కూడా ఎత్తేసి ఎటో వెళ్ళిపోయాడని విన్నారు. ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తేవాళ్ళు లేరు. ఎత్తకూడదని ఎవరూ అనలేదు, అయినా ఎత్తరు.

* * *

గంట గడిచేసరికి గది ముక్క ముక్కగా తన చోటికి తిరిగొచ్చింది. ముందు గోడ గడియారం వచ్చింది. తర్వాత ఇస్త్రీ వాసన. ఆ తర్వాత పక్క గదిలో భార్య కుట్టు మిషను, దాని మీద సగం కుట్టి వదిలేసిన చిన్నపిల్ల గౌను. పాలలో నానబెట్టిన రొట్టె రెండు ముక్కలు తిన్నాడు. మీటరు తొంభై దాటింది.

మనిషి తేరుకున్నాడని తెలిశాక దెబ్బలాట మొదలైంది. అతని నెత్తి మీదుగా.

"ఆ పచ్చ మాత్ర తెచ్చింది నువ్వే."

"డాక్టరుగారు రాస్తే తెచ్చానమ్మా. నేనేమన్నా కలగని తెచ్చానా?"

"పన్నెండేళ్ళు తెల్ల మాత్ర వేసుకున్నారు. ఒక్కనాడు కూలబడ్డారా? ఇది వచ్చి పది రోజులు కాలేదు."

"ఒక్క తెల్లదే సరిపోతే ఇది ఎందుకిస్తారు? మూడు నెలల చక్కెర సగటు చూసే పరీక్షలో తొమ్మిది దాటింది. కాళ్ళు మొద్దుబారుతున్నాయని నాన్నే అన్నాడు. సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలవడం మొదలుపెట్టాడు. నీకు కనబడలేదా?"

"నాకు కనబడనిది ఏముందే ఈ ఇంట్లో!"

కూతురు చెప్పులు విప్పి గుమ్మం అవతల పడేసి వచ్చి నేల మీద చతికిలబడింది. గొంతు తగ్గించింది.

"విను. ఆ తెల్ల మాత్ర కాలేయం మీద పని చేస్తుంది. మనం తిన్నా తినకపోయినా కాలేయం చక్కెర తయారు చేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. షుగరున్న వాళ్ళకి ఆ వదలడం మితిమీరుతుంది. తెల్లది దాన్ని అదుపులో పెడుతుంది, అంతే. అందుకే పస్తున్నా నాన్నకి ఏమీ కాలేదు."

"మరి పచ్చది?"

"పచ్చది క్లోమాన్ని పట్టుకుంటుంది. ఇన్సులిన్ వదులు, ఇంకా వదులు అని వెంటపడుతుంది. నాన్న తిన్నాడా లేదా దానికి పట్టదు. ఇన్సులిన్ వచ్చిందంటే రక్తంలో ఉన్న చక్కెర కండల్లోకి పోతుంది. పైగా కాలేయాన్ని కూడా ఇక చాలు, తలుపేసుకో అంటుంది. ఉన్నది అయిపోయింది, వచ్చే దారి మూసుకుపోయింది. ఇంక మనిషి నిలబడతాడా?"

భార్య కిటికీ గూట్లోంచి పచ్చ మాత్రల పెట్టె తీసింది.

"అందుకే పెట్టె మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను, భోజనానికి ముందు అని. ముందు అంటే, దాని వెనక భోజనం ఉండాలా వద్దా?"

"బట్ట పెట్టకుండా మిషను తొక్కినట్టు" అన్నాడు కత్తెరాయన.

ఇద్దరూ అతని వైపు తిరిగారు. పొద్దుట్నుంచి అతను తెలివిలో అన్న మొదటి మాట అది.

"అదే నాన్నా. సరిగ్గా అదే."

"దారం చిక్కుపడుతుంది."

"పడింది కదా మరి" అంది కూతురు. నవ్వబోయింది గాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పొద్దున మాత్ర వేసుకున్నాక ఏం తిన్నావు?"

అతను బల్ల కాలి వంక చూశాడు.

"ఏం తింటారు!" భార్య అందుకుంది. "కటింగు రోజు కదా. పచ్చి మంచినీళ్ళు. అన్నం ముట్టుకుంటే చేతికి జిడ్డు, జిడ్డు చేత్తో ముట్టుకుంటే బట్ట మీద మచ్చ. కంచం పెట్టి మూత వేస్తాను. చల్లారిపోతుంది. తీసేస్తాను. ఏడేళ్ళుగా ఇదే భాగోతం. ఈ పది రోజులూ అంచులు మడవడం, గుండీలు కుట్టడం, చిల్లర పనులే. ఇవాళే కత్తెర పట్టారు. ఇవాళే పడ్డారు."

"ఏడేళ్ళా? కటింగు రోజు తినకపోవడం పనిలో పద్ధతి, మొదట్నుంచీ ఇంతే అంటాడు కదా నాన్న?" కూతురు ముఖం చిట్లించింది. "కాదే. నా చిన్నప్పుడు తినేవాడు. నేను ఈ బల్ల కింద ముక్కలేరుకుంటూ చూసేదాన్ని. నాన్న కత్తిరిస్తూనే ఉండేవాడు, బాబాయి కంచం పట్టుకుని పక్కన నుంచుని ముద్దలు..."

ఆగిపోయింది.

కిటికీ బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ముగ్గురూ విన్నారు.

* * *

పొద్దున ఏం జరిగిందో కత్తెరాయనకు ఇప్పుడు కొంచెం కొంచెంగా గుర్తొస్తోంది. అయితే జరిగినట్టుగా కాదు, ఎవరో చెప్పిన కథలా.

ద్రాక్షరంగు బట్ట పరిచాడు. బ్యాండు మేస్త్రిది అది. ఎప్పుడో వాళ్ళ నాన్న దాచిన బట్ట. ఆ నేత ఇప్పుడు ఎవరూ నెయ్యడం లేదు. వచ్చే ఆదివారం కచేరీకి ఆ కోటు తొడుక్కుని మేస్త్రి నిలబడాలి. చేత్తో నిమిరి పోగు వాలు చూశాడు. సుద్ద తీసుకున్నాడు. అప్పుడే ఎక్కడో లోపల చిన్న వణుకు పుట్టింది. దూరంగా రైలు పోతుంటే గ్లాసులో నీళ్ళు వణికినట్టు. పట్టించుకోలేదు. సుద్ద గీత మొదలుపెట్టాక ఆపే అలవాటు లేదు.

తర్వాత బట్ట పొడుగయింది. బల్ల దాటి, గది దాటి, వీధిలోకి ద్రాక్షరంగు నీళ్ళలా పారుతూ పోయింది. చెమట పోస్తోంది గాని ఒళ్ళు చల్లగా, హాయిగా, తేలికగా ఉంది. తల ఎత్తితే బల్లకు అవతల చిన్నోడు నుంచుని ఉన్నాడు. వెనక కిటికీ వెలుగు. ముఖం సరిగ్గా కనబడదు, భుజాలు కనబడుతున్నాయి. చేతిలో కంచం.

"అన్నా, నోరు తెరువు."

"నువ్వు ముందు చేతులు కిందికి వదులు. కొలత తియ్యాలి."

"కొలతలు తర్వాత. చల్లారిపోతోంది."

"ఇదిగో, ఈ గీత అయిపోనీ."

ఆ గీత అవలేదు. కత్తెర నడుస్తూనే ఉంది. నీళ్ళలో పడవ పోతున్నట్టు, చప్పుడు లేకుండా.

కత్తెరాయన బల్ల పట్టుకుని లేచాడు. కూతురు పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపాడు. ముక్కలన్నీ బల్ల మీదే ఉన్నాయి. ముందు భాగాలు రెండు, వీపు రెండు, చేతులు. ఎక్కడా వంకర లేదు. ముప్పయ్యేళ్ళలో ఇంత శుభ్రంగా కత్తిరించినట్టు గుర్తు లేదు.

టేపు వేశాడు. మళ్ళీ వేశాడు.

బ్యాండు మేస్త్రి ఛాతీ నలభై ఆరు. పొట్ట ఇంకా ముందుంటుంది. ఆయన్ని కొలవాలంటే టేపు ఒక కొస ఆయన చేతికే ఇచ్చి చుట్టూ తిరిగి రావాలి. బల్ల మీద ముక్కలు ముప్పై ఎనిమిది. నడుము ముప్పై నాలుగు. ఎడమ భుజం కుడి దానికన్నా అరంగుళం కిందికి వాలి ఉంది.

చిన్నప్పట్నుంచీ మిషను మీద ఒక పక్కకు వంగి కుట్టిన మనిషి భుజం అది.

"సరిగ్గానే వచ్చిందా నాన్నా?" కూతురు అడిగింది.

"మేస్త్రికి సరిపోదు."

"కొంచెం వదులు చేస్తే?"

"ఆయన్ని సగానికి కోస్తే సరిపోతుంది."

భార్య వచ్చి ముక్కల వంక చూడను కూడా చూడలేదు. బల్ల మీది కత్తెర తీసుకుంది. ఆ కత్తెర బరువైంది, నల్లటి పిడి, బొటనవేలు ఆనే చోట అరిగి మెరుస్తూ ఉంటుంది. ఇంకెవరూ ముట్టరు దాన్ని. ఆవిడ దాన్ని కొంగులో చుట్టుకుని తన గదిలోకి వెళ్ళింది. పెట్టె మూత పడిన చప్పుడు, తాళం తిరిగిన చప్పుడు వినిపించాయి.

"అది ఇటివ్వు."

"ఇవ్వను."

"నా పనే అది."

"మీ పని మిమ్మల్ని ఇవాళ నేల మీద పడుకోబెట్టింది. చేతిలో ఇంత కత్తెర ఉండగా. అది ఎటు పడుంటే ఏమయ్యేదో నేను ఆలోచించను. మీరు ఆలోచించుకోండి. ఇంక కత్తెర లేదు. గుండీలు కుట్టుకోండి."

* * *

మధ్యాహ్నమైంది.

కత్తెరాయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళో చేతులు. ఏం చెయ్యాలో తెలియని చేతులు. కుడి బొటనవేలు తనంతట తను కదులుతోంది, లేని కత్తెర పిడిని నొక్కుతున్నట్టు. ఎదురింటి గోడ మీద ఎండ కిందికి జారుతూ వచ్చింది. దాని అంచు సుద్ద గీతలా ఉంది. గుండీలు కుట్టుకుంటూ బతికే మనిషిని ఊహించుకున్నాడు. ఆ మనిషికి ముఖం రాలేదు.

కూతురు డాక్టరుగారికి ఫోన్ చేసింది. కాసేపు మాట్లాడి ఫోన్ తండ్రి ముందు పెట్టింది.

"నువ్వే చెప్పు."

"నువ్వు చెప్పావుగా."

"నేను చెబితే మందుల షాపు పిల్ల చెప్పినట్టు ఉంటుంది. నువ్వు చెప్పు. వేళకి తింటున్నారా అని ఆయన అడిగినప్పుడల్లా నువ్వు తలే ఊపావు. ఫోన్లో తల ఊపితే కనబడదు."

ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. మెల్లగా అన్నాడు.

"కటింగు రోజు నేను తిననండీ. పొద్దుట్నుంచి పనయ్యేదాకా. ఏడేళ్ళ నుంచి. మీకు చెప్పలేదు."

అవతలి మాటలు విన్నాడు. ఊఁ అన్నాడు. ఊఁ అన్నాడు. ఫోన్ ఇచ్చేశాడు.

"ఏమన్నారు?" భార్య గుమ్మంలో నుంచే అడిగింది, గోడకి చెబుతున్నట్టు.

కూతురు చెప్పింది. "ఆ పచ్చది మళ్ళీ వెయ్యొద్దన్నారు. కానీ పొద్దున వేసుకున్నది ఇంకా లోపలే ఉంది. ఇంకోసారి కూడా పడిపోవచ్చట. రేపటిదాకా కాసుకుని ఉండాలి. గంటకోసారి చూడాలి, తినిపిస్తూ ఉండాలి. మళ్ళీ తగ్గితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి. సాయంత్రం ఎలాగూ తీసుకురమ్మన్నారు. రక్తంలో చక్కెర పెరిగినప్పుడే క్లోమాన్ని కదిపే మాత్రలు వేరే ఉన్నాయి, వాటి సంగతి చూద్దామన్నారు. అయితే ఏ మాత్ర ఇచ్చినా మనిషి తినాలి, ఆ మాట ఇస్తేనే రాస్తానన్నారు."

"ఇచ్చారా మాట?"

"ఊఁ అన్నాడు."

"ఆయన ఊఁ సంగతి నాకు తెలుసు."

భార్య లోపలికి పోయింది. కూతురు షాపుకు సెలవు చెప్పడానికి ఫోన్ తీసుకుని మేడ మెట్ల వైపు వెళ్ళింది.

కాసేపటికి వంటింట్లో గిన్నె చప్పుడైంది. భార్య ఒక చేత్తో కంచం, ఒక చేత్తో కత్తెర పట్టుకుని వచ్చి, రెండూ బల్ల చివర పెట్టి నుంచుంది.

"ముందు కంచం. తర్వాత కత్తెర."

"మచ్చ..."

"మిమ్మల్ని చెయ్యి పెట్టమన్నదెవరు? నోరు తెరవండి చాలు."

కత్తెరాయన ఆవిడ వంక చూశాడు. తమ్ముడు పోయిన వారం ఆవిడ ఇలాగే కంచం పట్టుకుని వచ్చి నుంచుంది. అప్పుడు తను, "నేనేం పసిపిల్లాణ్ణా?" అన్నాడు. వెనక్కి వెళ్ళిపోయింది. ఆ మర్నాడే చిన్నోడి మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. చిన్నోడు చేసే పనుల్లో ఒకటి తీసుకుంది, ఇంకొకటి, ముద్ద పెట్టడం, అతను ఇవ్వలేదు. ఏడేళ్ళు పక్క గదిలో కూర్చుని కత్తెర చప్పుడు వింటూ, కంచం చల్లారడం చూస్తూ ఉంది. నెలకోసారి దారాల కోసమని వెళ్ళేది. పొద్దున పోతే పొద్దుగూకే వేళకు వచ్చేది. "రంగు కలిసే దారం దొరకలేదు" అనేది. అతను ఇంకేమీ అడిగేవాడు కాదు.

తన చేతుల వంక చూసుకున్నాడు.

లేచి బల్ల దగ్గరికి వచ్చి నోరు తెరిచాడు.

మొదటి ముద్ద. రెండో ముద్ద. కత్తెరను అతని వైపు జరిపింది. అతను దాన్ని ముట్టుకోలేదు. ద్రాక్షరంగు ముక్కల మీద చెయ్యి పెట్టాడు.

"మేస్త్రి దగ్గరికి నేనే వెళతాను. పాడు చేశానని చెబుతాను."

"చెప్పండి. నేనూ వస్తాను."

మూడో ముద్ద పెట్టి, ఆవిడ ఎడమ చేత్తో వీపు ముక్కను ముందు భాగం పక్కకు జరిపింది. భుజం దగ్గర కలిపి అరచేత్తో అదిమింది. వాలిన ఆ అరంగుళం మీద ఆవిడ బొటనవేలు ఆగింది. ఇంక ఏదో ఒకటి అంటుందని అతను కాచుకున్నాడు.

"మీ తమ్ముడిది" అంది.

"ఊఁ."

"చెయ్యి మరిచిపోలేదు."

"ఊఁ."

ఆవిడ సుద్ద తీసుకుంది. ఏనాడూ కటింగు బల్ల మీది సుద్ద ముట్టని మనిషి. నడుము దగ్గర, అతను కత్తిరించిన అంచుకు అవతల, ఖాళీ బల్ల మీద, తడబడకుండా ఒక గీత గీసింది.

"ఇక్కడిది చాలదు. పక్క కుట్టులో రెండంగుళాల ముక్క కలపాలి. ఈ మధ్య ఒళ్ళు చేశాడు."

ముద్ద అతని నోట్లోనే ఆగిపోయింది. సుద్ద గీత వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. కిటికీ వెలుగులో సుద్ద పొడి ఇంకా గాల్లోనే తేలుతోంది.

ఆవిడ తల ఎత్తలేదు. నింపాదిగా ఇంకో ముద్ద కలిపి, అతని పెదవుల దాకా తెచ్చి పట్టుకుంది.

"ముందు మింగండి" అంది. "అడగడం తర్వాత."